చైల్డ్ సీటు ఏది కొనాలి, ఎలా బిగించాలి: మన బండ్లకు, మన ప్రయాణాలకు సరిపోయే సలహా

నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దూరం అటూ ఇటూగా వంద కిలోమీటర్లు. ఒకరికి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా విజయవాడ హైవే, ఇంకొకరికి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా బెంగళూరు హైవే. రోడ్డు బాగుంటుంది కాబట్టి బండి తెలియకుండానే తొంభై అందుకుంటుంది. ఊరి క్రాసింగ్ దగ్గర వడ్ల ట్రాక్టరో, రాంగ్ రూట్లో బైకో అడ్డం వస్తే మాత్రం ఉన్నపళంగా బ్రేకు తొక్కాలి. పెద్దవాళ్లం బెల్టు పెట్టుకుని ఉంటాం కాబట్టి ఆగిపోతాం. నానమ్మ ఒళ్లో ఉన్న ఏడాది పాప ఆగదు.

"నేను గట్టిగ పట్టుకుంట, ఏం కాదు" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఆమె ప్రేమకు లోటు లేదు, చేతుల బలమే చాలదు. యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నా లోపలివాళ్లు తమ బరువుకు 20, 30 రెట్ల బలంతో ముందుకు విసురుకుపోతారు. అంటే పది కిలోల పాపను ఆపడానికి ఆ క్షణంలో రెండు మూడు క్వింటాళ్లు పట్టి ఉంచాలి. అది ఎవరివల్లా కాదు. తల్లి తన బెల్టునే పాపకు కూడా చుట్టి పెట్టుకుంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తల్లి బరువంతా పాప మీద పడి, ఆమెకూ బెల్టుకూ నడుమ పాప నలిగిపోతుంది.

చట్టం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. చలానా భయంతో కొనాల్సిన వస్తువు కాదిది. కానీ చట్టం ఉందని చెబితే ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడం కొంత సులువవుతుంది.

ఇంకో అపోహ స్టార్ల గురించి. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే పరీక్ష భారత్ ఎన్‌క్యాప్. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన అందులో పిల్లల భద్రతకు విడిగా 49 మార్కులున్నాయి. ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల సైజు బొమ్మలను చైల్డ్ సీట్లలో కట్టి పరీక్షించి ఇచ్చే మార్కులవి. ఫైవ్ స్టార్ కారు కొని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆ స్టార్లు పాపకు వర్తించవు.

ఎటు చూసే సీటు?

ధర, కంపెనీ, రంగు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది. పసిపిల్లల తల, ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, బరువైనది. మెడ ఎముకలు, వాటిని పట్టి ఉంచే కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు చూసి కూర్చున్న పిల్లను బెల్టు ఛాతీ దగ్గర ఆపినా తల ముందుకు విసురుతుంది, ఆ గుంజుడంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి చూసే సీటులో తల, మెడ, వీపు అన్నీ ఒకేసారి సీటుకు అదుముకుంటాయి కాబట్టి దెబ్బ ఒక చోట పడకుండా వీపంతా పంచుకుంటుంది.

చైల్డ్ సీట్ల భద్రతకు ఐక్యరాజ్యసమితి పెట్టిన పాత ఆర్44 ప్రమాణంలో సీట్లను బరువును బట్టి విభజించారు. అందులో 9 కిలోలు దాటితే ముందుకు తిప్పవచ్చని ఉండడంతో చాలామంది మొదటి పుట్టినరోజు కాగానే తిప్పేస్తారు. తర్వాత వచ్చిన ఆర్129, అంటే ఐ-సైజ్, పిల్లల ఎత్తును చూస్తుంది, 15 నెలలు నిండేదాకా వెనక్కే చూడాలంటుంది. స్వీడన్‌లో నాలుగేళ్ల వరకు వెనక్కే కూర్చోబెట్టమని చెబుతారు. నా సలహా ఏమిటంటే, 15 నెలలను కనీస గడువుగా పెట్టుకోండి, ఆ తర్వాత కూడా సీటు మీద రాసిన బరువు లేదా ఎత్తు పరిమితి దాటేదాకా తిప్పకండి. కాళ్లు ముడుచుకుపోతున్నాయని జాలి పడక్కర్లేదు. పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటారు. కాళ్లు మడవడం వల్ల ఇబ్బంది లేదు, మెడకు దెబ్బ తగలడమే ఇబ్బంది.

దొరికే నాలుగు రకాలు

మొదటిది చేతిపిడి ఉన్న క్యారియర్. 13 కిలోల దాకా, వెనక్కి మాత్రమే చూస్తుంది. నిద్రపోతున్న పాపను సీటుతో సహా ఇంట్లోకి తీసుకెళ్లవచ్చు. ధర సుమారు నాలుగు నుంచి ఆరు వేలు. ఏడాది, ఏడాదిన్నరకే చాలకుండా పోతుంది కాబట్టి డబ్బు రెండుసార్లు పెట్టినట్టవుతుంది. అయినా పుట్టిన పాపకు అతికినట్టు సరిపోయేది ఇదే.

రెండోది కన్వర్టిబుల్. పుట్టినప్పటి నుంచి 18 కిలోల దాకా, అంటే దాదాపు నాలుగేళ్ల దాకా వస్తుంది. మొదట వెనక్కి, తర్వాత ముందుకు. బెల్టుతో బిగించేవి సుమారు ఏడు నుంచి పన్నెండు వేల మధ్య దొరుకుతాయి, ఐసోఫిక్స్ (బెల్టుతో కాకుండా కారులోని ఇనుప కడ్డీలకు తగిలించే పద్ధతి) ఉన్నవి ఇంకా పైకి పోతాయి. ఒకే సీటు కొనగలిగే కుటుంబానికి నేను చెప్పేది ఇదే. కొనేటప్పుడు ఒక్క అంకె చూడండి: వెనక్కి చూసేలా ఎన్ని కిలోల దాకా వాడవచ్చు? కొన్నింటిలో అది 13 దగ్గరే ఆగుతుంది, కొన్నింటిలో 18 దాకా ఉంటుంది. ధర దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కువున్నదే తీసుకోండి.

మూడోది పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా అని అమ్మే ఆల్ ఇన్ వన్, 36 కిలోల దాకా. వినడానికి గిట్టుబాటుగా ఉంటుంది. కానీ పసిగుడ్డు అందులో మునిగిపోతుంది, ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇరుకవుతుంది, ఈలోగా అదే సీటు ఏళ్ల తరబడి ఎండలో ఉండి నురుగు, ప్లాస్టిక్ పాతబడతాయి. పైగా రెండో బిడ్డ పుడితే ఎలాగూ ఇంకో సీటు కొనాలి. అంతకన్నా నాలుగేళ్ల దాకా కన్వర్టిబుల్, ఆ తర్వాత బూస్టర్ అన్న లెక్కే మేలు.

నాలుగోది ఆ బూస్టరే. పిల్లను కాస్త పైకి లేపి, కారు బెల్టే సరైన చోట పడేలా చేస్తుంది. వీపు ఉన్నది కొనండి, వీపు లేని పీట లాంటిది పెద్దపిల్లలకే. బూస్టర్ లేకుండా ఐదేళ్ల పిల్లకు పెద్దల బెల్టు పెడితే నడుము పట్టీ పొట్ట మీదికి, పై పట్టీ మెడ మీదికి వస్తాయి. గుద్దుకున్నప్పుడు పేగులకు, వెన్నుకు దెబ్బ తగిలేది ఇలాగే. వీపు సీటుకు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, నడుము పట్టీ తొడల మీద, పై పట్టీ భుజం మధ్యలో పడాలి. అప్పటిదాకా బూస్టర్ తీయొద్దు. యూరప్ దేశాల్లో ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లకు చేరేదాకా తప్పనిసరి.

ఐసోఫిక్సా, బెల్టా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఐసోఫిక్స్ అంటే కారు చట్రానికే వెల్డ్ చేసిన రెండు ఇనుప కడ్డీలు. చైల్డ్ సీటు చేతులు వాటిని టక్కున పట్టుకుంటాయి, సరిగ్గా పడితే పచ్చ గుర్తు కనిపిస్తుంది. మీ బండిలో ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మాన్యువల్ వెతకక్కర్లేదు. వెనక సీటులో కూర్చునే భాగం, వీపు భాగం కలిసే సందులోకి వేళ్లు దూర్చండి. కిటికీ వైపు సీట్లలో, జానెడు కన్నా కాస్త ఎక్కువ ఎడంతో రెండు గట్టి కడ్డీలు తగలాలి. చాలా బండ్లలో ఆ చోట చిన్న ట్యాగో, పాప బొమ్మో కుట్టి ఉంటుంది. ఈమధ్య వచ్చిన కార్లలో మామూలుగా ఉంటాయి, పదేళ్ల నాటి చిన్న కార్లలో చాలావాటికి ఉండవు.

కడ్డీలు రెండే సరిపోవు. సీటు ముందుకు తిరగబడకుండా మూడో ఆసరా కావాలి. అది సీటు పైనుంచి వెనక్కి పోయే టాప్ టెదర్ పట్టీ కావచ్చు, నేలకు ఆనే కాలు కావచ్చు. టెదర్ కొక్కెం సీటు వెనకో, డిక్కీ నేల మీదో ఉంటుంది. సామాను కట్టే కొక్కేన్ని చూసి అదే అనుకోకండి, పక్కన లంగరు గుర్తు ఉందో లేదో చూడండి. కాలు ఉన్న సీటైతే అది ఆనే చోట నేల కింద సామాను పెట్టుకునే గూడు ఉండకూడదు, ఒత్తిడికి మూత విరిగి కాలు లోపలికి పోతుంది.

సరిగ్గా బిగించిన బెల్టు సీటు కూడా పాపను గట్టిగానే కాపాడుతుంది. ఐసోఫిక్స్ గొప్పతనం తప్పుగా బిగించే అవకాశం తక్కువ కావడం. అందుకని రోజూ ఒకే కారులో, ఒకే చోట పెట్టేవాళ్లకు, బండిలో కడ్డీలు ఉన్నవాళ్లకు, ఇంకో ఐదారు వేలు పెట్టగలిగినవాళ్లకు ఐసోఫిక్స్ మంచిది.

మన ఇళ్లలో మాత్రం పాప ఒక్క బండిలోనే తిరగదు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డను ఆసుపత్రి నుంచి మేనమామ కారులో తెస్తాడు. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి పంపేటప్పుడు కిరాయి బండి మాట్లాడతారు. చెర్వుగట్టు గుడికి చిన్నాయన బండి, అలంపూర్ జోగులాంబ దర్శనానికి ఇంకొకరి ఎర్టిగా. ఇలాంటి ఇంటికి బెల్టుతో బిగించే సీటే అక్కరకొస్తుంది, నడుము, భుజం రెండింటినీ పట్టే మూడు పాయింట్ల బెల్టు ఉన్న దాదాపు ఏ బండిలోనైనా పెట్టవచ్చు. ఐసోఫిక్స్‌తో పాటు బెల్టుతోనూ బిగించగలిగే సీట్లు కూడా ఉన్నాయి. బడ్జెట్ ఉంటే అవే తీసుకోండి. అయితే ఐసోఫిక్స్ మాత్రమే ఉన్న సీటు కొని, కడ్డీలు లేని బండిలో ఊరికే ఆనించి పెట్టడం మాత్రం వద్దు.

ఏ బండిలో, ఏ చోట?

చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక్కి చూసే సీటు పెడితే ముందు సీటు బాగా ముందుకు జరపాల్సి వస్తుంది. కొనే ముందే టేపు తీసుకుని, ముందు సీటులో కూర్చునే మనిషి కాళ్లు పట్టేలా జరిపి, దాని వీపు నుంచి వెనక సీటు వీపు దాకా కొలవండి. సీటు పొడవు వివరాల్లో రాసి ఉంటుంది. డ్రైవరు పొడగరి అయితే ఎడమ వైపే గతి. నిజానికి అదే మంచి చోటు కూడా. మన దగ్గర ఎడమ పక్క రోడ్డు అంచు కాబట్టి పాపను దించేటప్పుడు వెనకనుంచి వచ్చే బండ్లకు దూరంగా ఉంటాం.

నడుమ సీటు పక్కనుంచి తగిలే దెబ్బకు దూరంగా ఉంటుంది, నిజమే. కానీ పాత బండ్లలో అక్కడ నడుముకు మాత్రమే వచ్చే రెండు పాయింట్ల బెల్టు ఉంటుంది, దాంతో చాలా సీట్లు బిగించలేం, బూస్టర్ అసలే పనికిరాదు. ఎర్టిగా, ఇన్నోవా లాంటి ఏడు సీట్ల బండ్లలో మధ్య వరుసే సరైనది. వెనక భాగంలో పక్కకు తిరిగి ఎదురెదురుగా కూర్చునే బెంచీలున్న బొలెరో లాంటి బండ్లలో ఆ బెంచీల మీద ఏ చైల్డ్ సీటూ పెట్టకూడదు. ముందుకు చూసే వరుసలోనే పెట్టాలి.

ముందు సీటు సంగతి సూటిగా చెప్తాను. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి చూసే చైల్డ్ సీటు పెడితే ప్రాణాంతకం. ఎయిర్‌బ్యాగ్ క్షణంలో పేలినట్టు విచ్చుకుని సీటు వీపును, అంటే సరిగ్గా పాప తల ఉన్న చోటును కొడుతుంది. ఎండ ఆపే వైజర్ మీద పాప బొమ్మకు అడ్డగీత ఉన్న స్టిక్కర్ దీని గురించే.

బిగించడం

వేలు పెట్టి కొన్న సీటు కూడా వదులుగా ఉంటే ఉపయోగం లేదు. మాన్యువల్ పక్కన పెట్టుకుని, పాప నిద్రపోయినప్పుడు తీరిగ్గా ఒక్కరే చేయండి. ఫంక్షన్‌కు బయలుదేరే హడావిడిలో పెట్టుకోవద్దు.

సీటు పక్కన బెల్టు పోయే దారులకు రంగు గుర్తులుంటాయి. మామూలుగా వెనక్కి చూసినప్పుడు నీలం, ముందుకు చూసినప్పుడు ఎరుపు. బెల్టును ఆ దారిలోంచే, మెలిక పడకుండా తీసి క్లిక్ అనేదాకా పెట్టండి. ఇప్పుడు ఒక మోకాలు సీటులో పెట్టి ఒళ్లంతా దాని మీద మోపండి. కారు సీటు మెత్తలోకి అది దిగుతుండగానే నడుము పట్టీని బకిల్ దగ్గర లాగండి, ఆ వదులును పై పట్టీలోకి పంపి దాన్నీ లాగండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే, మొదట బాగానే ఉందనుకున్న బెల్టు ఇంకో బెత్తెడు లోపలికి పోతుంది. మన కార్ల బెల్టులు జర్కు వస్తేనే పట్టుకుంటాయి, మామూలుగా లాగితే జారుతూనే ఉంటాయి. అందుకే సీటుకు బెల్టును పట్టి ఉంచే క్లిప్పు ఉంటే తప్పకుండా వేయండి.

తర్వాత బెల్టు పోయే చోట సీటును చేత్తో పట్టుకుని పక్కలకు, ముందుకు ఊపండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ మొదటినుంచి. సీటు తలభాగం పట్టుకుని ఊపితే ఎలాగూ కదులుతుంది, అది లెక్కలోకి రాదు. బకిల్ ఎక్కడుందో కూడా చూడండి. కొన్ని బండ్లలో బకిల్‌ను పట్టి ఉంచే కాడ పొడవుగా ఉండి, బకిల్ వచ్చి సీటు ప్లాస్టిక్ అంచు మీద కూర్చుంటుంది. ఒత్తిడి పడితే అక్కడ విరిగే ప్రమాదం ఉంది. ఆ చోట ఆ సీటు నప్పదు, ఇంకో కిటికీ వైపు పెట్టి చూడండి. వెనక్కి చూసే సీటు చుట్టూ తిప్పడానికి కొన్ని కార్ల బెల్టు పొడవే చాలదు.

ఇవన్నీ పెట్టి చూస్తే గానీ తెలియవు. మన పట్టణాల్లో రకరకాల సీట్లు పెట్టుకుని అమ్మే షాపులు తక్కువ, ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాం. కాబట్టి వచ్చిన రోజే కవర్లు చింపకుండా బండిలో పెట్టి చూసి, నప్పకపోతే గడువులోపు వెనక్కి పంపేయండి.

వాలు కూడా ముఖ్యం. నెలల పాపకు సీటు బాగా వాలి ఉండాలి, దాదాపు 45 డిగ్రీలు. నిటారుగా ఉంటే నిద్రలో గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఇబ్బందవుతుంది. ఎంత బాగున్నా పసిపిల్లలను రెండు గంటలకు మించి ఒకేపట్టున అందులో ఉంచొద్దు, చౌటుప్పల్‌లోనో షాద్‌నగర్‌లోనో ఆగి ఎత్తుకుని తిప్పండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే బయలుదేరే ముందు డాక్టరును అడగండి.

పట్టీల సంగతి: వెనక్కి చూసేటప్పుడు భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి, ముందుకు చూసేటప్పుడు భుజాల ఎత్తులో గానీ కాస్త పైనుంచి గానీ. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత చేతికి వస్తే ఇంకా వదులుగానే ఉన్నట్టు. స్వెటరు, శాలువా పట్టీల కింద వద్దు, కట్టాక పైనుంచి కప్పండి. కంపెనీ ఇవ్వని దిండ్లు కింద పెట్టొద్దు.

ఎండ, ఏడుపు

ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆగి ఉన్న కారులో బకిల్ ఇనుము చర్మం కాలేంత వేడెక్కుతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పండి, ఎక్కే ముందు బకిల్‌ను మీ చేత్తో తాకి చూడండి, ఏసీ పది నిమిషాలు ముందే వేయండి. వెనక్కి చూసే పాపకు ముందు గాలి తగలదు కాబట్టి వీపు తడుస్తుంది, మధ్య మధ్యలో చేయి పెట్టి చూడాలి. ఒక్క నిమిషమే కదా అని పాపను కారులో వదిలి దుకాణంలోకి పోవడం ఏ కాలంలోనూ వద్దు.

"ఏడుస్తది, ఉండదు" అన్నదే చాలా ఇళ్లలో సీటు అటక ఎక్కడానికి కారణం. సీటును మొదట ఓ వారం ఇంట్లోనే పెట్టండి, అందులో ఆడుకోనివ్వండి. తర్వాత మార్కెట్ దాకా, బడి దాకా చిన్న తిరుగుళ్లు. క్లిక్ అనకుండా ఇంజను స్టార్ట్ చేయొద్దు, ఏడుస్తుందని దారిలో ఒక్కసారి ఒళ్లోకి తీస్తే మరుసటిసారి రెట్టింపు ఏడుస్తుంది. కావాలంటే బండి పక్కకు ఆపి తీయండి. నానమ్మను పాప పక్కనే కూర్చోబెట్టండి. చేయి పట్టుకోవడం, కథ చెప్పడం, నీళ్లు తాగించడం ఆమె పని. ఒళ్లో లేకపోయినా పాప తన దగ్గరే ఉందన్న తృప్తి ఆమెకు ఉంటుంది.

కొనే ముందు చివరిగా

సీటు వెనకో అడుగునో ఆరెంజ్ లేబుల్ ఉంటుంది. గుండ్రని వలయంలో E అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె, ఆర్44/04 లేదా ఆర్129 అని. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఇవేవీ లేకుండా, వెయ్యి రూపాయలకు దొరికే పట్టీలు కుట్టిన బట్ట దిండ్లు చైల్డ్ సీట్లు కావు. ఫొటోలో అలాగే కనిపిస్తాయి, గుద్దుకున్నప్పుడు ఏమీ పట్టుకోవు.

చుట్టాల దగ్గరి పాత సీటు తీసుకోవడం తప్పేమీ కాదు, మూడు సంగతులు తెలిస్తే. అది ఏ ప్రమాదంలోనూ ఉండకూడదు, పైకి పగులు కనిపించకపోయినా లోపల దెబ్బతిని ఉండవచ్చు. మాన్యువల్, పట్టీలు, క్లిప్పులు అన్నీ ఉండాలి. తయారైన తేదీ ప్లాస్టిక్ మీద అచ్చు వేసి ఉంటుంది, దానికి కంపెనీ చెప్పిన ఏళ్లు కలిపి గడువు దాటిందో లేదో చూడండి. చాలా కంపెనీలు ఆరు నుంచి పదేళ్ల మధ్య చెబుతాయి. ముందెవరు వాడారో తెలియని సీటు ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి.